సొరల మీద పీహెచ్‌డీ: వేలానికి ముందు మూడు నిమిషాలు

2025 అక్టోబరు 17, శుక్రవారం మధ్యాహ్నం థీసిస్ కాపీలు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. చేరింది 2022 ఆగస్టులో. మూడేళ్ల రెండు నెలలు పట్టింది. వైవా (నోటి పరీక్ష) ఇంకా ఉంది, అది వేరే టెన్షన్.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు ఫోన్ చేసి "అక్కా, సొరల మీద రీసెర్చ్ అంటే ఈత రావాలా? స్కూబా నేర్చుకోవాలా?" అని అడిగారు. నాకు ఇప్పటికీ ఈత రాదు. ఈ మూడేళ్లలో నేను చూసిన సొరల్లో ఒక్కటి తప్ప అన్నీ చచ్చినవే. టీవీలో చూసి ఈ చదువులోకి వద్దామనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చదివి రండి.

మాది ఉలవపాడు దగ్గర ఒక ఊరు. సముద్రం పక్కనే ఉన్నా మా ఇంట్లోవాళ్లకి సముద్రమంటే కార్తీక పౌర్ణమి స్నానమే. మామిడి, సపోటా తోటలు మావి. చేపలు గంపలో ఇంటి ముందుకే వచ్చేవి. మా పిన్ని పురిటికి వచ్చినప్పుడు అమ్మమ్మ పాలసొర (చిన్న రకం సొర) తెప్పించి పుట్టు కూర చేసింది. బాలింతకు పాలు పడతాయని మా వైపు నమ్మకం. తోలు వలవకముందు నేను చెయ్యి పెట్టి చూశాను. తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంది, తోక నుంచి తల వైపు నిమిరితే గరుకు కాగితం. అవి పళ్ల లాంటి సన్నటి పొలుసులని, అన్నీ వెనక్కి వంగి ఉంటాయని తెలిసేసరికి డిగ్రీకి వచ్చాను.

కావలిలో బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ. మా జిల్లాలో ఈ చదువు చదివినవాళ్లు వెళ్లేది రొయ్యల వైపే. హేచరీ, మేత కంపెనీ, లేకపోతే ల్యాబ్. నా బ్యాచ్‌లో ఎక్కువమంది అదే చేశారు, నాకన్నా ముందే కారు కొన్నవాళ్లూ ఉన్నారు. నేను సొరలంటే నాన్న ఒకటే అడిగాడు. "రొయ్యలకైతే జీతం ఇచ్చేవాళ్లున్నారు. సొరలకి ఎవరిస్తారమ్మా?" న్యాయమైన ప్రశ్నే. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే ప్రభుత్వం ఇస్తుందని చెప్పాను. దానికి పెట్టే నెట్ పరీక్ష మొదటిసారి రాస్తే రాలేదు. రెండోసారి రాసింది 2021 జూన్ పరీక్ష, కానీ కోవిడ్ వల్ల అది జరిగింది 2022 ఫిబ్రవరిలో. ఈసారి వచ్చింది.

గైడ్ కోసం పదకొండు మెయిళ్లు పెడితే రెండింటికి జవాబు వచ్చింది. ఒకరు తాబేళ్ల మీద చేయమన్నారు. రెండోవారు "సొరలైతే సరే, కానీ నీ ఖర్చులు నువ్వు చూసుకోవాలి, నా దగ్గర ప్రాజెక్టు లేదు" అన్నారు. ఆయన దగ్గరే చేరాను. ఇక్కడ చిన్న తలనొప్పి ఒకటి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి మా మండలం ప్రకాశం నుంచి నెల్లూరుకు మారింది. ఆధార్‌లో ఒక జిల్లా, కొత్త సర్టిఫికెట్‌లో ఒక జిల్లా. రెండూ ఒకే ఊరని నిరూపించడానికి మూడుసార్లు తిరిగాను. పుట్టిన ఊళ్లో ఉండి నా ఊరు ఏదో నేనే రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

ఫెలోషిప్ మొదటి డబ్బు పడింది 2023 మార్చిలో, చేరిన ఏడు నెలలకు. అప్పటికి జేఆర్‌ఎఫ్ నెలకు 31,000, బకాయి అంతా ఒకేసారి వచ్చింది (దాన్ని 37,000 చేసింది ఆ తర్వాత, 2023 జనవరి నుంచి లెక్కగట్టి). సంతోషమే, కానీ ఆ ఏడు నెలలూ స్కూటీ పెట్రోలుకి నాన్న సపోటాల డబ్బే. చేరేవాళ్లు కనీసం ఎనిమిది నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి.

అనుమతుల దగ్గర ఆలస్యం మాత్రం నా తప్పు. ప్రపోజల్‌లో గొప్పకు పోయి తీరంలో దొరికే సొరలు, టేకులు (సొరలకు దగ్గరి చుట్టాలైన బల్లపరుపు చేపలు) అన్నీ చదువుతానని పెద్ద జాబితా రాశాను. అందులో వేల్ షార్క్, రంపం చేప లాంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో (గట్టి రక్షణ ఉన్న జాబితా) 2001 నుంచి ఉన్నాయి. 2022 సవరణతో ఇంకొన్ని చేరాయి. అలాంటి జీవి చచ్చి ఒడ్డున పడి ఉన్నా సరే, రెక్క ముక్క కత్తిరించాలంటే రాష్ట్రంలో అటవీ శాఖ పై అధికారి అనుమతి, దానికి ముందు కేంద్రం ఒప్పుకోలు కావాలి. నా ఫైలు 2022 అక్టోబరులో వెళ్లి 2023 మార్చిలో ఒకే ఒక్క ప్రశ్నతో తిరిగి వచ్చింది: వీటన్నిటి అవసరం ఏమిటి? గైడ్ చదివి, ఎర్ర పెన్ను తీసి జాబితాలో మూడొంతులు కొట్టేశారు. "నీ పని పాలసొర మీద. అది షెడ్యూలులో లేదు. ఈ మాట అక్టోబరులోనే నేను చెప్పాల్సింది" అన్నారు. ఐదు నెలలు అలా పోయాయి.

ఇక నేను పనిచేసిన ఊరు. ఆ పాలెం పేరు ఇక్కడ రాయను, ఎందుకో కింద చెప్తాను. పట్టపువాళ్ల ఊరు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటే సగం అరవం కలుస్తుంది, సొర కాస్తా సురా అవుతుంది. అక్కడ ప్రభుత్వం కాగితం ఒక్కటే చాలదు. ఊరి కాపులు (అక్కడ పెద్దల్ని అలా అంటారు) ఒప్పుకోవాలి. వాళ్లు దురాయి (కట్టుబాటు) పెడితే ఇక ఎవరూ దాటరు. ఐసు వేసే ఆయన ఒకాయన మా నాన్నకు తెలుసు, ఆయన తీసుకెళ్లాడు. 2023 మార్చి చివర, గుడి ముందు అరుగు మీద ఏడుగురు పెద్దవాళ్లు, చుట్టూ నలభై మంది. నేను, నాన్న, ఒక ఫైలు.

ఫైలు ఎవరూ తెరవలేదు. ఒకాయన అడిగాడు. "నువ్వు రాసుకొని పోయినాక రేపు సొర పట్టొద్దంటే ఏం చేస్తావు?" ఇంకొకాయన అందుకున్నాడు. 2015లో సొర రెక్కల ఎగుమతి ఆపేశారు. "రెక్కలు కొనేవాళ్లు ఉన్నట్టుండి రావడం మానేసినారు. ఎందుకని మాకెవరూ చెప్పలా. మేమే నాలుగు నెలలకి తెలుసుకున్నాం." బస్సులో వచ్చేటప్పుడు మంచి జవాబులు తయారు చేసుకున్నాను, ఒక్కటీ నోట్లోంచి రాలేదు. "నేను రాసింది ఎవరు ఎట్లా వాడతారో నా చేతిలో లేదు. రాసింది ముందు మీకు చదివి వినిపించడం మాత్రం నా చేతిలో ఉంది" అన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, లేచి వెళ్దామా అన్నట్టు.

చివరికి ఒప్పుకున్నారు. ఊరి పేరు రాయకూడదు. మొహాలు, పడవ నంబర్లు ఫోటో తీయకూడదు. వేలానికి అడ్డం రాకూడదు. నేను కత్తి పెట్టిన సొర నాదే, వేలంపాట ధర కట్టి తీసుకోవాలి. యూనివర్సిటీ ఎథిక్స్ ఫారం పన్నెండు పేజీలు ఉంటుంది. ఈ నాలుగు మాటలు దానికన్నా స్పష్టంగా ఉన్నాయి.

ఒప్పుకున్న పదిహేను రోజులకే ఏప్రిల్ 15 వచ్చింది. జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. ఇంజన్ పడవ ఒక్కటీ కదలదు. ఆ రెండు నెలలు కోర్స్‌వర్క్ పరీక్షలు రాశాను. మీరు చేరే నెలను బట్టి ఈ నిషేధాన్ని ముందే లెక్కలో వేసుకోండి, ప్రతి ఏడాదీ వస్తుంది.

2023 జూన్ 15 తర్వాత అసలు పని. ఉదయం నాలుగున్నరకు బయలుదేరాలి. మొదటి నెల నాన్న వెంట వచ్చాడు. పడవలు ఆరు నుంచి ఎనిమిది లోపు ఒడ్డుకు వస్తాయి. చేపలు పట్ట మీద పోస్తారు. పోసిన మూడు నిమిషాలకు పాట మొదలు. ఆ మూడు నిమిషాలే నా పీహెచ్‌డీ. పాట మొదలైతే చేప మీద చెయ్యి వేయకూడదు, పాట అయ్యాక అది కొన్నవాళ్లది, ఐసు పెట్టెలోకి వెళ్లిపోతుంది. ఆ లోపు పొడవు కొలవాలి, మగదా ఆడదా చూడాలి, ఫోటో తీయాలి, అనుమతి ఉన్నదైతే చిన్న రెక్క ముక్క తీయాలి. మొదటిరోజు మొత్తం మీద నాలుగు కొలిచాను. సాయంత్రం ఫోటోలు చూస్తే రెండు తప్పు. సొర తోకలో పై కొస పొడుగ్గా పైకి లేచి ఉంటుంది, దాన్ని వంటితో సమానంగా లాగి పట్టుకుని కొలవాలి. పట్టుకోకపోతే రెండు మూడు సెంటీమీటర్లు ఎగిరిపోతాయి.

స్టీలు టేపు మూడు వారాల్లో తుప్పు పట్టింది. టైలరు టేపు కొన్నాను, పదిహేను రూపాయలు. అది ఉప్పునీళ్లలో నాని నాని సాగుతుందని మూడు నెలల తర్వాత తెలిసింది, మీటరుకు దాదాపు సెంటీమీటరు. అప్పటినుంచి నెలకొకటి కొత్తది. పెన్ను పనికిరాదు, పెన్సిలే. గమ్‌బూట్లు 850 పెట్టి కొంటే ఇసకతో నిండి రెండోరోజే ఇంట్లో పడేశాను, రబ్బరు చెప్పులు చాలు. సొర మాంసంలో యూరియా ఎక్కువ, కాసేపు ఉంటే అమ్మోనియా వాసన వస్తుంది. నిమ్మకాయ, సబ్బు, కొబ్బరినూనె అన్నీ చూశాను. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

ఆడపిల్లలకు ఒక మాట, ఎవరూ చెప్పరు కాబట్టి. అక్కడ బాత్రూము లేదు. పదింటిదాకా నీళ్లు తాగకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను, సెప్టెంబరులో ఇన్‌ఫెక్షన్ వచ్చి జ్వరంతో వారం పడుకున్నాను. డాక్టరు, టెస్టులు, మందులు 1,800. తర్వాత సిగ్గు విడిచి ఒక ఇంట్లో అడిగితే "ఇన్నాళ్లు అడగలేదేంది" అని తిట్టారు.

ఆ ఇల్లు ఎవరిదంటే, నేను పెద్దమ్మా అని పిలిచే ఆమెది. చిన్న సొరలు కొని, కొన్ని ఎండబెట్టి, కొన్ని గంపలో ఊళ్లు తిరిగి అమ్ముతుంది. మొదటి రెండు నెలలు నన్ను చూస్తేనే విసుక్కునేది, నా వల్ల పాట ఆలస్యమవుతుందని. ఆగస్టులో ఒకరోజు అడుగు పొడవున్న పాలసొర పిల్లను వెల్లకిలా తిప్పి చూస్తున్నాను.

"మొగదో ఆడదో చూస్తివి గదా పాపా, ఇంకా యాడ చూస్తన్నావు?"

"బొడ్డు చూస్తున్నా పెద్దమ్మా."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. చేపకి బొడ్డేంది! పక్క రెక్కల మధ్యన, గొంతు కిందగా, ఇంకా మూసుకోని చిన్న చీలిక చూపించాను. పాలసొర గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. దాదాపు ఏడాది మోస్తుంది. కడుపులో మాయ ఉంటుంది, బొడ్డుతాడు ఉంటుంది, మనకున్నట్టే. ఈ చీలిక మానకపోతే అది కొత్తగా పుట్టిన పిల్ల, మచ్చగా మారి ఉంటే కొంచెం పెద్దది. ఇదంతా చెప్పాను. పెద్దమ్మ నవ్వలేదు. ఆ పిల్లని చేతిలోకి తీసుకుని వేలితో తడిమి చూసింది.

"తల్లి సొరను కోసేటప్పుడు తాళ్లు తాళ్లుగా వచ్చేది. పేగనుకొని పారేస్తిని ఇన్నేళ్లు."

ఆ తర్వాత రోజు నుంచి చిన్న సొరలు ఆమే విడిగా ఏరి పక్కన పెట్టేది. పాట పాడేవాణ్ని "ఉండరా, సొర పాప చూసుకోనీ" అని ఆపేది. మూడు నిమిషాలు పది నిమిషాలయ్యాయి. తల్లి సొరలను కోసినప్పుడు లోపల ఎన్ని పిల్లలో లెక్క చెప్పేది. రెండు, మూడు, ఒక్కోసారి ఐదు, అంతకు మించి తను చూడలేదంది. పుస్తకాల్లోనూ దాదాపు అంతే ఉంటుంది. ఏడాదంతా మోసి కనేది అంతే. ఈ లెక్క ఒక చేప గురించి ఎంత చెప్తుందో ఆమెకు నేను విడమరచి చెప్పనక్కరలేకపోయింది. "అందుకేనా పెద్దవి రావడం లేదు" అని తనే అంది. పిల్లలు ఏ నెలల్లో ఎక్కువ పడతాయన్నది థీసిస్‌లో ఉంది, పేపర్ అచ్చయ్యేదాకా ఇక్కడ చెప్పలేను, ఏమీ అనుకోకండి.

ముక్కలు దాచడం ఇంకో కథ. డీఎన్‌ఏ కోసం తీసిన ముక్కను అసలు సిసలు ఆల్కహాల్‌లో పెట్టాలి. అది మందుల షాపులో దొరకదు, కొనాలంటే ఎక్సైజ్ అనుమతి కావాలి, డిపార్ట్‌మెంట్‌లో ఉన్న సీసా అందరిదీ. అడుగున రెండు వేళ్లంత మిగిలి ఉన్నప్పుడు పెద్దమ్మ "ఉప్పులో పెట్టుకోరాదా, మేము చేపలు పెట్టుకోవట్లా?" అంది. గైడ్ ముందు నవ్వారు, తర్వాత ఆలోచించి "నిజమే, ఉప్పు నీరంతా లాగేస్తుంది, చూడు" అన్నారు. రెక్క ముక్కలు ఉప్పులో, కండ, పొట్టలు కావలిలో అద్దె గదిలో పెట్టిన డీప్ ఫ్రిజ్‌లో. సెకండ్ హ్యాండ్‌ది, 9,500.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందూ వెనకా మా వైపు గాలివాన. కావలిలో మా వీధికి మూడు రోజులు కరెంటు లేదు. నేను ఊళ్లో ఇరుక్కుపోయాను. నాలుగో రోజు గది తలుపు తీయకముందే మెట్ల మీదికి వాసన వచ్చింది. ఐదు నెలల పొట్టలన్నీ నీళ్లయి ఉన్నాయి. ఇంటి ఓనరు ఏమీ అనలేదు, నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు అంతే. గుంత తవ్వి పూడ్చడానికి ఇద్దరు కూలీలకు 1,400. సొరలు ఏం తింటాయన్న అధ్యాయం అలా నా థీసిస్‌లోంచి పోయింది. ఉప్పులో పెట్టిన ముక్కలు, హార్లిక్స్ సీసాల్లో, అల్మారాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. తర్వాత ల్యాబ్‌లో వాటినుంచే డీఎన్‌ఏ వచ్చింది.

పడవ ఎక్కింది ఒక్కసారే, 2024 ఫిబ్రవరిలో. ఆడవాళ్లు వేట పడవ ఎక్కరన్నది అక్కడ కట్టుబాటు. నేను ఏనాడూ అడగలేదు. అరుగు మీద నన్ను మొదటి ప్రశ్న అడిగిన కాపు ఒకరోజు "బతికిన సొరను చూసినావా ఎప్పుడన్నా?" అన్నాడు. లేదన్నాను. "చూడకుండానే డాక్టరువవుతావా" అన్నాడు. వాళ్లలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో తెలీదు, వారం తర్వాత రాత్రి రెండింటికి రమ్మన్నారు.

ఫైబర్ పడవ, ఐదుగురు, నేను. మూడో అల దాటేసరికి రాత్రి తిన్నదంతా బయటకు వచ్చింది, తెల్లారేదాకా వస్తూనే ఉంది. వల లాగుతుంటే అయిదారు సొరలు, అన్నీ చచ్చినవే. వలలో చిక్కి ఈదలేకపోతే నీళ్లు మొప్పల్లోంచి పారవు, ఎక్కువసేపు బతకవు. చివర్లో ఒకటి కదిలింది. రెండున్నర అడుగులు ఉంటుందేమో. చేతుల్లో పట్టుకుంటే వళ్లంతా ఒకే కండరంలా గింజుకుంది. కంటి కిందనుంచి తెల్లటి పొర పైకి లేచి కన్ను మూసింది, మళ్లీ తెరిచింది. అన్ని వందల కళ్లు చూశాను గానీ ఆ పొర కదలడం ఎప్పుడూ చూడలేదు. పొడవు చదివాను, ఆడది అని అరిచాను, వదిలేశాను.

"కత్తి పెట్టిన సొర నీదే అన్నాం గదా, డబ్బు కట్టు" అన్నాడు ఒక కుర్రాడు.

"నేను కత్తి పెట్టలేదు."

"నీళ్లలో వదిలేసినావు. అది కత్తి కన్నా నష్టం."

180 కట్టాను. ఒడ్డుకు వచ్చాక ఆ డబ్బుతోనే అందరికీ టీ, నాకూ ఇచ్చారు, తాగలేకపోయాను.

ఇంక బిల్లులు. ఫెలోషిప్‌తో పాటు ఏడాదికి 20,000 కంటింజెన్సీ (పరిశోధన ఖర్చుల డబ్బు) వస్తుంది. సొర వయసు తెలియాలంటే వెన్నెముక కావాలి, దానికోసం కొన్న సొరలకు ఆ డబ్బు పెడితే, లెక్కలు చూసే ఒకాయన జీఎస్టీ బిల్లు తెమ్మన్నాడు. ఇసకలో జరిగిన పాటకు జీఎస్టీ బిల్లు! రెండు నెలలు తిరిగాక, అమ్మినవాళ్ల వేలిముద్రతో వోచరు, దాని మీద గైడ్ సంతకం ఉంటే సరేనన్నారు. ఈ సంగతి మొదటిరోజే అడిగి తెలుసుకోండి. అప్పటికే అయిపోయిన పదకొండు వేలు నాకు తిరిగి రాలేదు.

2024 మధ్య నుంచి ల్యాబ్ పనే. వెన్నెముక పూసను మందపాటి కాగితమంత పలుచగా కోసి, మైక్రోస్కోపు కింద వలయాలు లెక్కపెట్టడం, చెట్టు మానులో లెక్కపెట్టినట్టు. ఒకే పూసను నేనూ ఇంకొక అమ్మాయీ విడివిడిగా లెక్కపెట్టాలి. నాకు నాలుగు కనిపిస్తే తనకు ఐదు. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, మెడనొప్పి తప్ప. రాత మొదలుపెట్టింది 2025 మార్చిలో. ఎక్కడైనా కాపీ కొట్టామేమో చూసే సాఫ్ట్‌వేర్ చేపల శాస్త్రీయ నామాలను కూడా కాపీ అని చూపించింది.

ఇచ్చిన మాట ప్రకారం సెప్టెంబరులో ఒక ఆదివారం అదే అరుగు మీద కూర్చుని, ముఖ్యమైన సంగతులు తెలుగులో చదివి వినిపించాను. గంటన్నర. రెండుచోట్ల తప్పన్నారు. ఒకటి వల పేరు, నిజంగానే తప్పు, దిద్దాను. రెండోది నేను ఒప్పుకోలేదు, వాళ్లూ ఒప్పుకోలేదు, అలాగే ఉంది.

బైండింగ్ చేయించిన కాపీల్లో ఒకటి నవంబరులో పెద్దమ్మకు చూపించడానికి తీసుకెళ్లాను. చదువు రాదు, బరువు చూసింది. ఎంతయిందని అడిగింది. ఒక్కోటి ఎనిమిది వందలన్నాను. "మంచి సొర వచ్చేది" అంది. తర్వాత బొమ్మలు తిప్పుకుంటూ పోయి ఒకచోట ఆగింది. వెల్లకిలా పట్టుకున్న పిల్ల సొర, రెక్కల మధ్య చీలిక, పట్టుకున్న చేతికి ఆకుపచ్చ గాజులు. మొహాలు తీయొద్దన్నారు గానీ చేతుల మాట ఎవరూ ఎత్తలేదు. పక్కింటామెను కేకేసి పిలిచి, పేజీ మీద తడి వేలు పెట్టి చూపించింది.

"ఈ చెయ్యి నాదే."